ఇంజను ఆగిన ఆదివారం

నిన్న మధ్యాహ్నం మా వీధిలో కరెంటు పోయింది. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయిందన్నారు. పొద్దుగూకినా రాలేదు, తెల్లవారినా రాలేదు. మా ఫ్లాట్ల వెనకాల పూడ్చకుండా మిగిల్చిన పాత బావి ఒకటుంది. దాని మీద ఇనుప జల్లెడ వేసి మోటారు బిగించారు. రోజూ ఉదయం రాయి కట్టిన తాడును అందులోకి దించి, ఎంతవరకు తడిసిందో చూసి రావడం నాకు అలవాటు. ఎవరూ చెప్పిన పని కాదు. ఏదైనా కొలవకుండా ఉంటే నాకు తోచదు.

ఈ ఉదయం తాడు పైకి తీస్తే తడి రోజూ ఉండే చోటు దాటి చాలా పైకి వచ్చి ఉంది. పై అంతస్తు ఆవిడ మెట్ల దగ్గర నుంచి చూసి చేతులు జోడించింది.

"దేవుడు కళ్ళు తెరిచినాడు అక్కా! నీళ్ళు ఊరినాయి. ఇంక లారీ కోసం బిందెలు పట్టుకొని నిలబడే కర్మ లేదు."

నేను చెవి పెట్టి విన్నాను. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క మోటారూ తిరగడం లేదు. ఎక్కడో పిచ్చుకలు అరుస్తున్నాయి. ఎవరో రోట్లో ఏదో దంచుతున్నారు.

ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. చిన్నప్పుడు ఒక ఆదివారం రోజంతా విన్నాను.

అప్పుడు మేము అరవదేశంలో, వాషర్‌మెన్‌పేట్‌లో ఉండేవాళ్ళం. నాకు ఇద్దరు స్నేహితురాళ్ళు. ఒకతె మా బడి మాస్టారి కూతురు. నోరు గట్టిది, సగం అరవం సగం తెలుగు మాట్లాడి ఎవరినైనా నవ్వించేది. రెండోదాన్ని మేము తోటపిల్ల అని పిలిచేవాళ్ళం. వ్యాసర్‌పాడి రైలు యార్డు అవతల, మురుగుకాలవ పక్కన, వాళ్ళ నాయన కౌలుకు చేసే ఆకుకూరల తోట ఉండేది. తోటకూర, కొత్తిమీర, ముల్లంగి, గట్ల మీద జామచెట్లు. తోటపిల్ల బడికి వస్తే దాని జడలో కూడా కొత్తిమీర వాసన వచ్చేది. తరగతిలో పక్కన కూర్చున్నవాళ్ళకు ఆకలేసేది.

నాకు లెక్క మొదట బడిలో రాలేదు, ఆ తోటలో వచ్చింది. బావి మీద ఏతం ఉండేది. పొడుగాటి దూలానికి ఒక చివర బరువు రాయి, రెండో చివర వేలాడే వెదురు గెడ, గెడకు బాన. తోటపిల్ల నాయన గెడను కిందికి తోసి బాన ముంచి వదిలితే రాయి బరువుకు అదే పైకి వచ్చేది. బానను మడి కాలవలోకి ఒంచుతూ ఆయన పాడేవాడు. పాట అంటే పాట కాదు, లెక్క. "లాభమమ్మా లాభం, లక్ష్మి వచ్చే లాభం" అని మొదటి బాన. ఒకటి అనకూడదు. తరువాత "రెండమ్మా రెండు, రేగడిలో రెండు" అని రెండోది. అలా ప్రతి అంకెకూ ఒక తోక. ఏ మడికి ఎన్ని బానలు పట్టాలో పాట ఎక్కడ ఆగితే అక్కడ తెలిసేది. నేను గట్టు మీద కూర్చొని ఆయనతో గొంతు కలిపేదాన్ని. ఎనిమిదో తరగతితో నా చదువు మానిపించాక, అన్నయ్య పాత పుస్తకాలు ముందేసుకొని భిన్నాలూ దామాషాలూ నాకు నేనే నేర్చుకున్న రోజుల్లో కూడా, కూడికలు చేస్తుంటే లోపల ఆ ఏతం గొంతే వినపడేది.

నేను చెప్పబోయే ఏడాది తోటకు పడమటి గోడ అవతల గుడ్డలకు రంగులద్దే షెడ్డు ఒకటి కొత్తగా వచ్చింది. వాళ్ళు నేలలోకి లోతుగా గొట్టం దించి ఆయిలింజను పెట్టారు. టుక్కు టుక్కుమని పగలూ రాత్రీ అది ఆడేది. గోడ కింది తూములో నుంచి రంగునీళ్ళు మురుగుకాలవలోకి పారేవి. ఈ పొద్దు ఎరుపా నీలమా అని మేము ముగ్గురం పందెం కాసేవాళ్ళం. ఓడినవాళ్ళు రేగుపళ్ళు దంచి చేసే ఎలంద వడ ఇప్పించాలి. ఇంజను పక్కనుంటే ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. తోటలో అందరూ అరుచుకుంటూ మాట్లాడేవాళ్ళు. కొన్నాళ్ళకు అదే అలవాటైపోయింది.

ఆ ఏడాదే బావిలో నీళ్ళు దిగసాగాయి. గెడ అందక దానికి ఇంకో వెదురు ముక్క కట్టాడు తోటపిల్ల నాయన. అదీ చాలక మరో ముక్క కట్టాడు. పాట పొడుగు మాత్రం తగ్గిపోయింది. వానలు సరిగా లేవు, అందుకే అనుకున్నారు అందరూ. ఎవరి బావి వాళ్ళదనేది ఆనాటి మాట. పక్కింటివాళ్ళు తోడితే మన నీళ్ళు తగ్గుతాయని ఎవరికి తోస్తుంది? నీళ్ళు గోడ దూకి రావు కదా.

ఆడి నెల వచ్చింది, అరవవాళ్ళ ఆషాఢం. మా పేట గంగమ్మకు ఆదివారం అంబలి పోస్తారు. ముందురోజు శనివారం ఆడపిల్లలు పసుపు గుడ్డలు కట్టుకొని, వేపమండలు కట్టిన ఇత్తడి బిందెలతో ఇంటింటికీ తిరిగి రాగిపిండీ నూకలూ అడగాలి. ఎంత ఉన్నవాళ్ళ ఇంటి పిల్లలైనా ఆ పిండి అడిగే తేవాలి. సొంత ఇంటి డబ్బాలో నుంచి నేరుగా పోస్తే అమ్మ ముట్టదంటారు.

"అమ్మకు అంబలీ!" అని అరుచుకుంటూ మేము సందులన్నీ తిరిగాం.

మూల ఇంటి అత్త తలుపు దగ్గర నడుం మీద చేయి వేసుకొని నిలబడింది. "ఏం మే, పోయిన ఏడు ఇచ్చిన పిండి అమ్మ దాకా పోయిందా, నడిమధ్యనే మాయమైందా?"

"అమ్మకే అత్తా," అంది మాస్టారి కూతురు. "అమ్మ తాగంగా మిగిలింది మాకు. అమ్మ శానా తక్కువ తాగుతాది."

"పోడీ, వాయాడి! ఏం నోరే నీది!" అని నవ్వుతూ పెద్ద చేటతో పోసింది అత్త.

గుడి వెనక పొయ్యిల మీద కొప్పెరలు పెట్టారు. పిండి కలిపిన పులుపు వాసన, మునగాకు వేగే వాసన, ఎండుచేపల పులుసు వాసన కలిసి పందిరంతా కమ్ముకున్నాయి. మాస్టారింట్లో ఎండుచేప పేరు కూడా ఎత్తకూడదు. అందుకని ఆయన కూతురు ముక్కు మూసుకున్నట్టు నటిస్తూ పులుసు కుండ పక్కనే తిరుగుతూ ఉంది. పంబ మోగుతోంది. గాజులవాడు వచ్చాడు. నేనూ మాస్టారి కూతురూ చేతులు చాపాం. తోటపిల్ల చాపలేదు.

"ఏమే, నీకొద్దా?" అని అడిగాను.

"సోమవారం చూద్దాం." అది మమ్మల్నిద్దర్నీ పందిరి గుంజ చాటుకు లాగింది. "నాయన గంగమ్మను అడగబోతాడంట మే."

"ఏం అడుగుతాడు?"

"ఈడ ఉండాల్నా, పోవాల్నా అని."

అప్పుడు చెప్పింది సంగతంతా. వాళ్ళ మేనమామ రైలు యార్డులో పని చేసేవాడు. తోట ఇంక ఆడదు, నాతో రా బావా అని అడిగి అడిగి, చివరకు యార్డులోనే ఒక పని చూసి పెట్టాడు. పనితోపాటు ఉండడానికి చిన్న గది కూడా. కానీ సోమవారం పొద్దునకల్లా జవాబు చెప్పాలి. చెప్పకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది.

ఆదివారం అమ్మ నాడు తోటలవాళ్ళు ఎవరూ బావి ముట్టరు. అమ్మ వచ్చి నీళ్ళు తాగుతుందని నమ్మకం. బానను బోర్లించి, గెడకు వేపమండ కట్టి, బావిగట్టుకు పసుపు పూసి వదిలేస్తారు. వాళ్ళ బావి లోపలి గోడకు తాబేలు ఆకారంలో ముందుకు పొడుచుకొచ్చిన రాయి ఒకటి ఉండేది. బావి బాగున్న రోజుల్లో అది నీళ్ళలోనే ఉండేది. ఇప్పుడు పొడిగా, నాచు ఎండి, పైన వేలాడుతోంది. అమ్మ తాగి వెళ్ళాక సోమవారం తెల్లవారి ఆ తాబేటి రాయి మునిగి ఉంటే తోటలో ఉంటారు. మునగకపోతే యార్డుకు పోతారు. అదీ నాయన మొక్కు.

"ఒక్క రోజు ముట్టకపోతే నీళ్ళు వస్తాయా ఏంది?" అంది మాస్టారి కూతురు.

"ఊరికే రావు. ఎండాకాలంలో ఒక పగలూ రాత్రీ ముట్టకుండా చూసినాడు నాయన. రాయి దరిదాపుల్లోకి కూడా రాలే. ఇప్పుడొస్తే అది అమ్మ ఇచ్చినట్టే కదా?"

ఆ మాట మాకు ముగ్గురికీ సరిగ్గానే తోచింది. ఇప్పటికీ ఆ తర్కంలో వంకర ఎక్కడుందో వెంటనే చెప్పమంటే చాలామంది చెప్పలేరు.

ఆదివారం పొద్దున్నే అంబలి పోశారు. చిన్న కుండలో మా వంతు పోయించుకొని, అరిటాకు మూత పెట్టి, మేము ముగ్గురం రైలు కట్ట పక్కనే నడిచి తోటకు వెళ్ళాం. బొగ్గు పొగ మా పసుపు గుడ్డల మీద నల్లటి చుక్కలు పెట్టింది. యార్డులో పెట్టెలు ఒకదానికొకటి తగులుకొని చప్పుడు చేస్తుంటే మాస్టారి కూతురు తోటపిల్లను పొడిచింది.

"ఆడనేనా మీ కొత్త బంగళా? నీ పెళ్ళికి ఇంజను మీదనే ఊరేగింపు."

"నోరు ముయ్యే," అంది తోటపిల్ల. కానీ తల తిప్పి ఆ యార్డు వైపు చూడలేదు.

తోట చేరగానే ముగ్గురం ఒక్కసారే ఆగిపోయాం. ఏదో లేదు. ఏమి లేదో తెలియడానికి కాస్త సమయం పట్టింది.

ఇంజను లేదు. షెడ్డులో పనివాళ్ళంతా పేటవాళ్ళే. తల మీద కరగం కుండ ఎత్తేది వాళ్ళే, పంబ కొట్టేది వాళ్ళే. అందుకని యజమాని శనివారం మధ్యాహ్నం నుంచే షెడ్డు మూసేశాడు. తూములో రంగునీళ్ళు లేవు. పాత మరకలు మాత్రం ఎండలో పెచ్చులు లేచి ఉన్నాయి. ఆ తోటలో తూనీగల రెక్కల చప్పుడు ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. జామ ఆకు రాలితే వినపడింది. తోటపిల్ల వాళ్ళ అవ్వ గుడిసె ముందు కూర్చొని వక్కలు కత్తిరిస్తుంటే అడకత్తెర చప్పుడు మడి అవతలి నుంచి వినపడింది.

"ఏం పిల్లలారా, అరుస్తారేందే? చెవులుండాయి నాకు," అంది అవ్వ. అలవాటు కొద్దీ మేము ఇంకా అరుస్తూనే మాట్లాడుతున్నాం.

"ఇంజను ఆగిపోయింది అవ్వా!"

"ఆగదా మరి? అమ్మ వచ్చే దినం. ఆ రాకాసి గూడా నోరు మూసుకున్నాది. భయం దానికి గూడా ఉండాది లే."

తోటపిల్ల నాయన ఉపవాసం ఉన్నాడు. ఎప్పుడూ మట్టి గోచీతో కనిపించే మనిషి ఆ రోజు ఉతికిన పంచె కట్టి, ఏం చేయాలో తెలియని చేతులతో బావి చుట్టూ తిరుగుతున్నాడు. మా అంబలిలో మొదటి దొప్పెడు బావిలోకి ఒంచి, రెండోది కళ్ళకద్దుకొని తాగాడు. తాగి నన్ను చూసి నవ్వాడు. "ఏం లెక్కలమ్మా, ఈ పొద్దు పాట లేదు. నీకేం తోస్తాది?"

నన్ను లెక్కలమ్మా అని పిలిచింది ఆయన ఒక్కడే.

ఆ పూట మేము ఆడినంత ఆట ఎప్పుడూ ఆడలేదు. ముల్లంగి పీకి, ముందురోజు పట్టిన కుండనీళ్ళతో కడిగి, ఉప్పూకారం అద్దుకొని తిన్నాం. జామచెట్టెక్కి పచ్చికాయలు కోసినందుకు తోటపిల్ల అమ్మ చీపురు తీసుకొని వెంటపడింది. మాస్టారి కూతురు ఎండుచేపల పులుసుతో రెండు దొప్పల అంబలి తాగి, మూతి కడుక్కొని, చేతులకు కొత్తిమీర నలిపి రుద్దుకుంది.

"మీ నాయన ముక్కు చిన్నదా పెద్దదా?" అని అడిగింది అవ్వ.

"పెద్దదే అవ్వా. అయినా జలుబు."

అందరం నవ్వాం. తోటపిల్ల నాయన కూడా నవ్వాడు. తరువాత మేము బావిలోకి వంగి మా పేర్లు పిలుచుకున్నాం. ఇంజను ఆడే రోజుల్లో ఆ బావి ఎన్నడూ పలకలేదు. ఆ రోజు పలికింది. పిలిచిన ప్రతి పేరునూ తిరిగి ఇచ్చింది. తోటపిల్ల "ఉండాల్నాఆ?" అని అరిచింది. "ఆ..." అని వచ్చింది లోపలి నుంచి. అది నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

సాయంత్రం మాస్టారు వచ్చి తన కూతురిని తీసుకెళ్ళారు. ఆయనకు జలుబు లేదు. దారంతా తిట్లు వినపడ్డాయి. నన్ను అవ్వ అడిగి ఉంచుకుంది. ఒక్క చినుకు పడలేదు ఆ రాత్రి. అది నాకు బాగా గుర్తు, ఎందుకంటే మేము పడుకున్నది గుడిసె బయట.

లేపకుండానే మెలకువ వచ్చింది. ఇంకా పూర్తిగా వెలుగు రాలేదు. తోటపిల్ల నాయన బావిగట్టు మీద మోకాళ్ళ మీద ఉన్నాడు. తోటపిల్ల అమ్మ, అవ్వ వెనకాల నిలబడి ఉన్నారు. మేమిద్దరం వెళ్ళి వంగి చూశాం. బావిలో ఆకాశం ముక్క చాలా దగ్గరగా కనిపించింది. తాబేటి రాయి కోసం వెతికాను. లేదు. నీళ్ళ కింద, వీపు మీద వేపాకు ఒకటి ఆనించుకొని, మునిగి ఉంది.

ఆయన నుదురు గట్టుకు ఆనించి ఏడ్చాడు. పెద్దవాళ్ళు అలా ఏడవడం నేను చూడలేదు అంతవరకు. తోటపిల్ల నా చేయి పట్టుకొని పిండేసింది. కొత్త గాజు ఒకటి పగిలి నా మణికట్టులో గుచ్చుకుంది. నొప్పి అనిపించలేదు.

కాసేపటికి మేనమామ వచ్చాడు, యార్డుకు పోయే దారిలో, చేతిలో టిఫిన్ క్యారియర్‌తో. "ఏం బావా, వస్తా ఉండావా? మేస్త్రీ అడగతా ఉండాడు."

"రాను. అమ్మ ఉండమనింది. చూసుకో పో."

మేనమామ బావిలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. "వాన గూడా లేదే," అన్నాడు. చెప్పులు విడిచి, బావికి దణ్ణం పెట్టి, వెళ్ళిపోయాడు. ఆ పని ఆ పూటే ఇంకొకరికి పోయింది.

అవ్వ మిగిలిన అంబలిని అందరికీ పోసింది. మేము తాగుతూ ఉండగా గోడ అవతల ఎవరో ఇంజను తిప్పారు. ఒకసారి దగ్గి ఆగింది. మళ్ళీ తిప్పారు. టుక్కు టుక్కుమని అందుకుంది. మాలో ఎవరూ తల తిప్పి చూడలేదు. అవ్వ గొంతు పెంచి, "ఇంకొంచెం పొయ్యాల్నా?" అని అరిచింది, అంతే.

తరువాతి సంగతి త్వరగానే చెప్పవచ్చు, త్వరగానే అయింది గనుక. ఆ నీళ్ళు వారం నిలవలేదు. అమ్మ ఇచ్చిన నీళ్ళను కాపాడుకోవడం మన పని అని ఆయన బావి లోతు చేయించాడు. అందుకు భార్య చెవుల కమ్మలూ పోయాయి, పాడి ఆవూ పోయింది. లోతు చేసినకొద్దీ నీళ్ళు ఇంకా కిందికి వెళ్ళాయి. కొత్తిమీర మడి మొదట పోయింది, తరువాత ముల్లంగి. ఎండలు ముదిరిన రోజుల్లో ఒకసారి వెళ్ళినప్పుడు ఆయన ఏతం దగ్గరే ఉన్నాడు. బాన బురదతో పైకి వస్తోంది. ఆయన మాత్రం "లాభమమ్మా లాభం" అంటున్నాడు. రెండోది అనడం లేదు. మళ్ళీ ముంచి, మళ్ళీ లాభం అంటున్నాడు.

తోటపిల్ల బడి మానేసింది. తరువాత వాళ్ళు గుడిసె ఖాళీ చేసి ఎక్కడికో వెళ్ళారు. చాలాకాలానికి నేను పెళ్ళై పుట్టింటికి వచ్చినప్పుడు బస్టాపులో కనిపించింది. చేతులు కొంగులో దాచుకుంది. నేను పట్టుకుని బయటికి లాగాను. మోచేతుల వరకు నీలం. గోళ్ళ చుట్టూ నలుపు. ఆ షెడ్డులోనే పనికి పోతోందట.

"కొత్తిమీర వాసన ఇంక రాదు లే," అంది నవ్వబోయి.

"నాయన ఎట్టా ఉండాడు?"

"పోయినాడు. కడాసరి దాకా ఒకటే మాట. అమ్మ ఇచ్చిందే, మళ్ళీ ఎందుకు తీసుకునింది, మనం ఏం తక్కువ చేస్తిమి అని. అంబలి చెడిందేమో, నువ్వు ముట్టు దినాల్లో బావిగట్టెక్కినావేమో అని మా అమ్మను కూడా అడిగేవాడు. మా అమ్మ ఏడ్చేది." బస్సు వచ్చింది. ఎక్కి, కమ్మీని నీలి వేళ్ళతో పట్టుకుంది. మళ్ళీ దాన్ని నేను చూడలేదు. మాస్టారి కూతురికీ తెలియదు. ఆమె కూడా ఇప్పుడు లేదు.

అప్పటికి నాకు ఇంకా తెలియలేదు. తెలిసి ఉంటే ఆ బస్టాపులోనే చెప్పేదాన్ని. చాలా ఏళ్ళకు, ఈ ఫ్లాటుకు వచ్చాక, రోజూ తాడు దించడం మొదలుపెట్టాక, వీధి మోటార్లు ఆడిన రోజు తడి ఎక్కడ, ఆగిన రోజు ఎక్కడ అని పోల్చి చూసుకుంటూ ఉండగా, ఒక ఉదయం తాడు చేతిలో ఉండగానే అర్థమైంది. ఎండాకాలంలో తోటపిల్ల నాయన తన ఏతం ఆపినప్పుడు ఇంజను ఆడుతూనే ఉంది. ఆడి ఆదివారం ఇంజను కూడా ఆగింది. అంతే లెక్క. చిన్నపిల్లలు వేసే తీసివేత. నేల కింద గోడలు లేవు. మేము అంతగా సంబరపడి తూనీగల రెక్కలు విన్న ఆ నిశ్శబ్దమే ఆయన బావిలోకి నీళ్ళయి వచ్చింది. మా కళ్ళ ముందే వచ్చింది, మా చెవుల ముందే పోయింది.

ఆయన ఏమీ తక్కువ చేయలేదు. అంబలి చెడలేదు. ఆయన భార్య గట్టెక్కనూ లేదు. ఈ మాట చెప్పడానికి ఇప్పుడు ఒక్కరూ లేరు. ఆ తోట ఎక్కడుండేదో కూడా పోల్చుకోలేకపోయాను. ఒకసారి వెళ్ళి చూస్తే అంతా గోడౌన్లు, లారీలు. లెక్క తేలింది. కానీ అది అడిగిన మనిషి అడుగుతూనే పోయాడు.

ఈ ఉదయం పై అంతస్తు ఆవిడ ఇంకా మెట్ల దగ్గరే ఉంది. "లారీ వద్దని చెప్పేస్తానక్కా," అంది.

"చెప్పొద్దమ్మా. వీధి మోటార్లన్నీ ఆగి ఉండాయి. అందుకే ఈ నీళ్ళు. కరెంటు వస్తే పోతాయి."

ఆమె నా వైపు జాలిగా చూసింది. "మీరు అన్నిటికీ లెక్క కడతారక్కా. కొన్ని దేవుడికి వదిలేయాల," అంది.

ఆ మాట అంటూ ఉండగానే కరెంటు వచ్చింది. ముందు ఎదురింటి మోటారు మొదలైంది. తరువాత పక్కది. తరువాత వీధి పొడుగునా ఒకదాని వెనక ఒకటి. పిచ్చుకల అరుపులు వినపడడం మానేశాయి. పై అంతస్తు ఆవిడ ఏదో అంది, పెదవులు కదలడం కనిపించింది. నేను తాడును మళ్ళీ బావిలోకి దించలేదు. చుట్ట చుట్టి, తడి చివరను అరచేతిలో పట్టుకొని, అది ఆరేదాకా అక్కడే నిలబడ్డాను.